ఒక్కసారే అడిగే ఉద్యోగం

ఆసుపత్రిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, ఇన్నేళ్ల నర్సు పనిలో మీకు అన్నిటికన్నా కష్టమనిపించింది ఏది అని అడుగుతుంటారు. నరం దొరకని చేతికి సూది వేయడం గురించో, ప్రాణాల మీదికొచ్చిన కేసుల గురించో చెబుతానని ఆశగా చూస్తారు. వాళ్ల ఆశ మీద నీళ్లు చల్లడం నాకు సరదా. అవేవీ కావర్రా అంటాను. మనవాళ్లు "అలాగే" అన్నప్పుడు అది ఒప్పుకోవడమో మర్యాదో తేల్చుకోవడం కష్టం, "వద్దు" అన్నప్పుడు అంతకన్నా కష్టం. ఈ రెండు మాటలూ ఒకే ఇంటి మనుషుల నోట, ఒకే పూట, నా బల్ల ముందు వినిపించాయి. ఆ తరవాత నేను పడిన తిప్పలు చెబుతాను, వినండి.

మోకాళ్లు మొరాయించి వార్డుల్లో తిరగలేకపోయాక, రిటైరవడానికి ముందు కొన్నేళ్లు నన్ను కొత్త మందుల ట్రయల్స్ చూసే విభాగంలో వేశారు. విభాగమంటే పెద్దగా ఊహించుకోకండి. ఎక్స్‌రే గది పక్కన పాత దుప్పట్లు పడేసే కొట్టు ఒకటి ఉండేది. దానికి సున్నం వేసి, ఒక బల్ల, ఒక ఫ్రిజ్, ఒక కెమెరా పెట్టారు. మనుషులం ముగ్గురం. తెలుగు ముక్క రాని పెద్ద డాక్టరుగారు, నేను, ఒక జూనియర్ అమ్మాయి. ఆ అమ్మాయిది శ్రీకాకుళం వైపు కుటుంబమే గానీ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, టాటానగర్ టెల్కో కాలనీలో. నేను తెలుగులో ఏది అడిగినా హిందీలో జవాబిచ్చేది. నేను తెలుగులో తిడితే తను హిందీలో క్షమాపణ చెప్పేది. ఇద్దరికీ ఏనాడూ ఇబ్బంది కాలేదు.

ట్రయల్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కొత్త మందు బజారులోకి వచ్చేముందు, ఒప్పుకున్న రోగులకు ఇచ్చి చూస్తారు. మా దాంట్లో సగం మందికి అసలు మందు, మిగతా సగానికి అచ్చం అలాగే కనపడే ఉత్త మాత్ర. ఎవరికి ఏది వెళ్లిందో వాళ్లకూ తెలియదు, మాకూ తెలియదు. అందుకే చేరేవాళ్లు అంతా విని, అర్థం చేసుకుని, తమ ఇష్టంతో చేరాలి. మొదటి రోజు అన్నీ చెప్పి, చేరాలని ఉందా అని అడుగుతాం. ఉందంటే ఇంటికి వెళ్లి ఆలోచించుకుని రమ్మంటాం. మళ్లీ వచ్చినప్పుడు అసలు ఒప్పుకోలు. చదువు రానివాళ్లయితే అదంతా కెమెరా ముందు జరగాలి, పక్కన మాకు సంబంధం లేని సాక్షి ఒకరు ఉండాలి. మా సాక్షి ఒక రిటైరైన లెక్కల మాస్టారు. మెలకువగా కూర్చోవడం ఒక్కటే ఆయన పని. పాపం, అదీ కష్టపడే చేసేవారు.

వీటన్నిటి పైన మా డాక్టరుగారి సొంత నియమం ఒకటి ఉండేది. చేరతారా అని ఒక్కసారే అడగాలి. అంతకుముందు ఎప్పుడో ఒక వీడియోలో, ఎవరో ఉద్యోగి రోగితో "చేరండి, మీకే మంచిది" అన్న మాట తనిఖీకి వచ్చినవాళ్ల చెవిన పడిందట. దానికి సంజాయిషీలు రాసుకుంటూ ఈయన చాలా రోజులు సరిగా భోజనం చేయలేదట. అప్పటినుంచి బతిమాలడం, నచ్చజెప్పడం, రెండోసారి అడగడం అన్నీ నిషేధం. వద్దన్నవాళ్లకు దండం పెట్టి పంపేయడమే. నాకు ఆ నియమం బాగా నచ్చింది. వార్డుల్లో రోగులను అదిలించి, బుజ్జగించి, ముక్కు పట్టుకుని మందు మింగించినదాన్ని. రిటైరయ్యేముందైనా వాళ్ల మాటకు విలువిచ్చే పని దొరికిందని మురిసిపోయాను.

అప్పుడు మేం చేస్తున్న ట్రయల్, షుగరు వల్ల వచ్చే అరికాళ్ల మంటలకు. ఆదిత్యపూర్ నుంచి భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఆయన ట్రక్కుల కర్మాగారంలో రంగులు వేసే విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి. ఇద్దరికీ షుగరే, ఇద్దరికీ మంటలే. ఎప్పుడో ఆయన కాలికి పుండు పడితే నేను దగ్గరుండి కట్లు కట్టించాను. మా నాన్నదీ వాళ్లదీ పక్కపక్క ఊళ్లని ఆ కట్టు విప్పి కట్టేలోపలే తేలిపోయింది. ఇంకేముంది, ఆమె నాకు అప్ప అయింది, ఆయన బావగారు అయ్యారు. నేను ఆమెకు చెల్లెలినైపోయాను.

బావగారి మంట కాళ్లలో కంటే మాటల్లో ఎక్కువ. అప్ప సంగతి అలా కాదు. ఆమె చెప్పుకోదు, కోడలు చెబితే తెలిసింది. బకెట్లో నీళ్లు పోసుకుని, అందులో కాళ్లు పెట్టుకుని కూరలు తరుగుతుందట. మంచం మీద పడుకుంటే కాళ్లు మండిపోతున్నాయని గచ్చు మీదే పడుకుని, అక్కడ చల్లగా ఉన్న చోటు వెతుక్కుంటూ తెల్లారేదాకా దొర్లుతుందట. ఉన్న మందులు వేస్తే తల తిరిగి పడిపోతోంది. వాటిని మించి ఆమెకు ఇవ్వడానికి డాక్టరుగారి దగ్గర ఏమీ లేదు. ఈ ట్రయల్ తప్ప.

ఇద్దర్నీ కూర్చోబెట్టి అంతా చెప్పాను. బావగారు ప్రతి మాటకూ తల ఊపారు. కళ్లు తిరగొచ్చు అంటే అలాగే. కడుపులో తిప్పొచ్చు అంటే అలాగే. ఇంతకీ నేను ఏం చెప్పానో ఒకసారి మీరు చెప్పండి అంటే, నువ్వు చెప్పింది చెప్పినట్టే అమ్మా అన్నారు. అప్ప మాత్రం నన్ను వదల్లేదు. ఉత్త మాత్ర వస్తే తనకు తెలుస్తుందా, మధ్యలో మానేస్తే కోప్పడతారా, ఈ మందు ముందు ఎలకలకిచ్చి చూశారా, వాటికీ కాళ్లు మండుతాయా అని అడిగింది. నేను హిందీలో చెబుతుంటే డాక్టరుగారు కుర్చీ దగ్గరికి లాక్కుని మరీ విన్నారు. ఇంత శ్రద్ధగా అడిగిన మనిషి తప్పకుండా చేరుతుందనుకుని, నియమం ప్రకారం ఒక్కసారి అడిగాను.

"నాకెందుకులే సెల్లీ. ఇంకెవులికైనా ఇయ్యండి" అంది అప్ప.

నాకు ఆశ్చర్యం వేసింది గానీ, నియమం నియమమే. సరే అప్పా, నీ ఇష్టం అని దండం పెట్టాను. ఆమె ఇంకా ఏదో వస్తుందన్నట్టు నా మొహంలోకి చూసింది. నేను నవ్వాను. ఆమె సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది. ఆ సంచిలో నీళ్ల సీసా, ఒక తువ్వాలు తప్ప ఏమీ లేవు. అయినా సర్దడానికి చాలాసేపు పట్టింది. ఈలోగా బావగారు, నువ్వింత చెప్పాక కాదంటానా అని చేరడానికి ఒప్పేసుకున్నారు. ఒకటి అవును, ఒకటి కాదు అని జూనియర్ అమ్మాయి హుషారుగా రాసుకుంది. పని శుభ్రంగా అయిందని నేను కూడా సంతోషపడ్డాను.

ఒప్పుకోలు రోజుకి బావగారు రాలేదు. ఫోను చేస్తే టాటానగర్ స్టేషన్లో ఎవరినో రైలెక్కిస్తున్నానన్నారు. ఇంకో రోజు ఇస్తే ఆ పూట ఒళ్లు వెచ్చబడిందన్నారు. ఆ తరవాత ఫోను కోడలు ఎత్తింది. మామయ్యగారు ఇంట్లో లేరని ఆ పిల్ల చెబుతుండగా, వెనకనుంచి "బయిటికెల్లినానని సెప్పీ" అని ఆయన గొంతే వినిపించింది. ఇంతలో మందు కంపెనీ వాళ్లు శనివారంతో కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేస్తున్నామని కబురు పెట్టారు. మా ఆసుపత్రికి ఒక్క చోటు మిగిలింది. ఆ ఒక్కటీ బావగారి కోసం పట్టి ఉంచాం.

ఆ వారంలోనే కాసిడీహ్‌లో తెలిసినవాళ్ల గృహప్రవేశం. ఆ ఇంటి పెద్దావిడ పట్టుబట్టి మేడ మీద బల్లలు వేయించి, విస్తళ్లలో వడ్డన పెట్టించింది. నేను వెళ్లేసరికి బావగారు ఒక బంతిలో కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే, పప్పులోనే భోజనం ముగించి చెయ్యి కడుక్కోవడానికి లేచారు. అలా లేచిన మనిషి మళ్లీ కనపడలేదు. నాకు అప్ప పక్కనే చోటు దొరికింది. పలకరిస్తే ముక్తసరిగా తల ఊపింది.

అప్పుడు బూరెలు వచ్చాయి. "నాకొద్దు బాబూ, సుగరు" అంటూ అప్ప విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది. నర్సుని కదా, మెచ్చుకోబోయాను. చూస్తే, అడ్డం పెట్టిన ఆ చేతి వేళ్ల మధ్య బూరె దూరేంత సందు ఉంది. రెండో చెయ్యి విస్తరి మూల ఉన్న అన్నాన్ని నెమ్మదిగా పక్కకు జరుపుతోంది. వడ్డించే ఆయన అనుభవశాలి. ఆమె మొహం వైపు గానీ చేతి వైపు గానీ చూడకుండా, ఆ ఖాళీ అయిన చోట బూరె పడేశాడు. ఆమె వద్దు వద్దంటూనే దాన్ని తుంచి నెయ్యి కోసం గుంట చేసింది. షుగరున్న మనిషి బూరె తింటోందన్న సంగతి కూడా మరిచిపోయి నేను అలా చూస్తూ ఉండిపోయాను. పుట్టినప్పటినుంచి ఇలాంటి బంతుల్లో తిన్నదాన్నే. ఉద్యోగం నా బుర్రని ఎంత ఇస్త్రీ చేసేసిందో అప్పుడు తెలిసింది.

చెయ్యి కడుక్కుంటుంటే కోడలు నా పక్కకు వచ్చి మిగతాది చెప్పింది. ఆ పిల్ల సగం హిందీలో చెప్పినా అప్ప మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు అప్పజెప్పింది. ఇంటికి వచ్చినప్పటినుంచి అత్తగారిది ఒకటే పాటట.

"ఆయన్ని కూకోబెట్టి రాసీసుకుంది. నన్ను ఇంకో పాలైనా ఉండమని అడిగినాదా? పరాయిదాన్నయిపోనాను గావాల."

మర్నాడు డాక్టరుగారి దగ్గరికి వెళ్లి, అప్పను ఇంకోసారి అడగనివ్వండి అన్నాను. ఆమె వద్దంది కదా అన్నారు. మాలో మొదటి వద్దు లెక్కలోకి రాదన్నాను. మరి ఎన్నో వద్దు లెక్కలోకి వస్తుందని అడిగారు. అది మనిషిని బట్టి, వడ్డించే పదార్థాన్ని బట్టి ఉంటుందన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, తెలుగువాళ్ల వద్దు గురించి ఎథిక్స్ కమిటీకి విడిగా రాయమంటావా అన్నారు. తనంతట తాను వచ్చి అడిగితే సంతోషంగా తీసుకుంటాను, నువ్వు మాత్రం ఆమె దగ్గర నోరు విప్పడానికి వీల్లేదని తేల్చేశారు. నాకు ఒళ్లు మండింది. ఆయన చెప్పింది సబబు కావడం వల్ల ఇంకా మండింది. ఆమె కాళ్లు మండుతున్నాయని నాకు తెలుసు గానీ, ఆ మాత్ర వాటిని చల్లారుస్తుందని నాకు తెలియదు. అసలు ఆమెకు మందే వస్తుందో, ఉత్త మాత్రే వస్తుందో కూడా తెలియదు. తెలియనిదాన్ని చెయ్యి పట్టుకుని బతిమాలి మింగించడానికి అది బూరె కాదు కదా.

అప్పను అడగకూడదు సరే, బావగారిని వదిలేయొచ్చు కదా అనుకున్నాను. ఫోను చేసి, మీకు ఇష్టం లేకపోతే రావద్దు, నేనేమీ అనుకోను, మన చుట్టరికం ఎక్కడికీ పోదు అని చెప్పాను. అంతే, ఆయన బిగుసుకుపోయారు.

"అలాగంటావేటమ్మా. మాటిచ్చినాను గదా, వత్తాను" అన్నారు.

మాటదేముంది, వెనక్కి తీసుకోవచ్చు, అది మీ హక్కు అన్నాను. ఇంత మంచిగా చెప్పేదానివి, నిన్ను చిన్నబుచ్చుతానా అన్నారు. పోనీ మీరు రాకపోతేనే నాకు సంతోషం అన్నాను. దాంతో కోపమొచ్చిందనుకుని, శనివారం పొద్దున్నే ఉంటానని ఒట్టు పెట్టుకున్నారు. నేను వదిలేకొద్దీ ఆయన గట్టిగా పట్టుకున్నారు. ఫోను పెట్టేసి తల పట్టుకుంటే జూనియర్ అమ్మాయి టీ తెచ్చిచ్చింది. ఇష్టం లేని మనిషి వస్తున్నాడు, ఇష్టమున్న మనిషి రావడం లేదు, మధ్యలో ఉన్నది ఒక్క చోటు.

శనివారం ఆయన నిజంగానే వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నల్లగా రంగేసిన జుట్టు, నుదుట విభూది. ఇంటర్వ్యూకి వచ్చినట్టు ఉన్నారు, మొహం మాత్రం తద్దినానికి వచ్చినట్టు ఉంది. ఒంటరిగా రావడానికి భయమేసి అప్పను కూడా తోడు తెచ్చుకున్నారు. ఆమె తలుపు పక్కన బెంచీ మీద కూర్చుంది. నేను అన్నీ మళ్లీ మొదటినుంచి చెప్పాను. ఆయన అన్నిటికీ అలాగే అన్నారు. అప్పుడు, మీ ఇష్టంతోనే చేరుతున్నారా అని అడిగాను. నీ ఇష్టమే నా ఇష్టం అమ్మా అన్నారు. అలా కుదరదు, మీ సొంత ఇష్టం చెప్పాలి అన్నాను. డాక్టరుగారంతటి వారు చెప్పాక నాదేముంది అన్నారు. తెలుగు రాకపోయినా, ఆ గొంతులోని వినయం విని, ఈ వీడియో తన కొంప ముంచుతుందని డాక్టరుగారికి అర్థమైపోయింది. బావగారి నుదుటి మీద చెమటతో పాటు జుట్టు రంగు కూడా దిగి విభూదిలో కలిసింది.

బెంచీ మీద అప్పకు ఓపిక అయిపోయింది.

"ఆయనకి ఇట్టం నేదు సెల్లీ. నిద్దర్లో గూడా మాత్ర మాత్ర అని ఉలిక్కిపడతన్నాడు. ఆ ముక్క నోరిప్పి సెప్పీరాదా మావా."

బావగారు కెమెరా వైపు చూశారు, నా వైపు చూశారు. చివరికి తల దించుకుని, "నాకొద్దమ్మా. బయ్యమేత్తంది. ఏటీ అనుకోకు" అన్నారు.

నేను హిందీలో చెప్పగానే డాక్టరుగారు లేచి వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుని, మనసులో మాట చెప్పినందుకు చాలా ధన్యవాదాలు, మీ వైద్యం ఎప్పటిలాగే నేనే చూస్తాను అన్నారు. తిట్లు తినడానికి సిద్ధపడి వచ్చిన మనిషికి సన్మానం జరిగింది. బావగారు ఎంత కరిగిపోయారంటే, ఇంత మర్యాద చేస్తున్నారు, పోనీ చేరిపోదునా అని నా చెవిలో గొణిగారు. అప్ప ఒక్క చూపు చూసింది. ఆయన లేచి వెళ్లి గోడకు ఆనుకుని నిలబడ్డారు.

అప్ప లేచింది. వెళ్లిపోతారనుకున్నాను. ఆమె వచ్చి, కెమెరా ముందున్న ఖాళీ కుర్చీలో కూర్చుంది.

ఆమె పైట సర్దుకుని నా వైపు చూసింది. ఒక్క మాట, "ఏం అప్పా" అన్న ఒక్క మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. నేను ఫ్రిజ్ వైపు చూశాను. ఆమె డాక్టరుగారి వైపు చూసింది. ఆయన గోడ మీది క్యాలెండరులో ఏదో ముఖ్యమైన పండగ వెతుక్కుంటున్నారు. జూనియర్ అమ్మాయి కెమెరా వెనక దాక్కుంది. మా లెక్కల మాస్టారు మాత్రం మొదటిసారి పూర్తి మెలకువతో ఉన్నారు. ఆమె ఎదురుచూస్తోంది. ఎవరో ఒకరు అడిగితే చాలు, ఒకసారి కాదని, మళ్లీ అడిగితే సరేలే అనేస్తుంది. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తిన్న మనిషి. నాకు ఇది కావాలి అని ఆమె ఎప్పుడైనా ఎవరితోనైనా అని ఉంటుందా అనిపించింది. నా సర్వీసులో నోరు తెరవడం వల్ల చాలా కష్టాలు తెచ్చుకున్నాను గానీ, మూసుకోవడం అంత కష్టమైన రోజు ఇంకొకటి లేదు.

అప్ప తన కాళ్ల వైపు చూసుకుంది.

"నాకు కావాల" అంది, ఎవరికీ వినపడనంత మెల్లగా. తరవాత తల ఎత్తి కెమెరాతోనే చెప్పింది. "ఆ మందు నాకు కావాల. నా కాల్లు మండిపోతన్నాయి. ఉత్త మాత్రొచ్చినా సరే, నాను సేరతాను."

ఏమందని డాక్టరుగారు నన్ను అడిగారు. నేను కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డాను. జూనియర్ అమ్మాయే చెప్పింది. డాక్టరుగారు వెంటనే, మొదటినుంచి మొదలుపెట్టండి, ఒక్క ముక్క కూడా వదలొద్దు అన్నారు. నేను మళ్లీ అంతా చెప్పాను. అప్ప మళ్లీ అన్నీ అడిగింది, ఎలకల సంగతితో సహా. నేను చెప్పిందంతా తిరిగి తన మాటల్లో నాకన్నా బాగా చెప్పింది. ఆమెకు చివరికి ఏ మాత్ర వచ్చిందని మీరు అడుగుతారని నాకు తెలుసు. నేను రిటైరయ్యేనాటికి ఆ గుట్టు విప్పలేదు, కాబట్టి నాకూ తెలియదు.

వేలిముద్ర వేసేముందు కెమెరా ముందు అడగాల్సిన ఆఖరి ప్రశ్న ఒకటి మిగిలింది. ఇందులో చేరమని నిన్ను ఎవరైనా బలవంతం చేశారా అప్పా, అని అడిగాను.

ఆమె నా వైపు, డాక్టరుగారి వైపు, గోడకు ఆనుకున్న మొగుడి వైపు తీరిగ్గా చూసింది.

"నేదు సెల్లీ. ఒక్కలంటే ఒక్కలు సెయ్యనేదు. సూసి సూసి నానే అడిగీసినాను."